వెనక మూల బోల్టు

మామగారి పికప్ ఇంకా వీధి మలుపు తిరగనేలేదు, అల్లుడి గుండెల్లో రాయి పడింది. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. ఇంజన్‌కి పొగగొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు విరిగితే బండి అలా చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం కూడా మానేశాడు.

బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. షెడ్డు వెనకాలే ఇల్లు. మామగారు దిగి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డారు.

"మెకానిక్ గారూ! తమరు బిగించిన బోల్టు మళ్ళీ విరిగిందండీ."

ఆయన అల్లుణ్ణి అల్లుడూ అని పిలిచి చాలాకాలమైంది. మనవరాలు పాప పుట్టినరోజు నాడు భోజనాల దగ్గర అల్లుడు నోరు జారాడు. ఈ డొక్కు బండిని తుక్కుకి వేసేస్తే పీడా పోతుంది అన్నాడు. మామగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. చచ్చినా ఈ ఇంటి గడప తొక్కనని ఒట్టేశారు. ఆడిన మాట తప్పే మనిషి కాదు. అందుకే చుట్టంలా కాకుండా కస్టమర్‌లా వస్తారు. టీ కూడా ఫ్లాస్కులో తెచ్చుకుని షెడ్డులో బెంచీ మీదే కూర్చుంటారు. ఆయనకి తోడుగా అత్తగారు.

అల్లుడు బానెట్ ఎత్తాడు. బోల్టు తల ఎగిరిపోయింది. మొండెం ఇంజన్‌లోనే ఉండిపోయింది.

మొట్టమొదట విరిగింది ముందువైపు బోల్టు. దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, వేడి మీద తిప్పితే గంటలో ఊడొచ్చింది. మామగారు మొహం చిట్లించారు. "అప్పుడే అయిపోయిందా? ఇంత హడావుడి పని మీద నాకు నమ్మకం లేదండీ" అన్నారు. ఆయన నోటి చలవో ఏమో, కొద్దిరోజులకే దాని పక్కది విరిగింది. ఆ తర్వాత ఇంకోటి. ఇవాళ మరీ ఘోరం, వెనక మూలది. అక్కడ చెయ్యి దూరదు. అద్దం పెడితే తప్ప కనపడదు. డ్రిల్లుతో కొద్దికొద్దిగా తొలుచుకుంటూ పోవాలి. కాస్త పక్కకి జారిందా, ఇంజనే పాడవుతుంది.

"సాయంత్రం దాకా పడుతుంది, మామయ్యగారూ."

"కానివ్వండి. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అని ఆయన చెప్పులు విడిచి బెంచీ మీద మఠం వేశారు.

అల్లుడు ఇంజన్‌లో తల దూర్చాడు. బెంచీ దగ్గర అత్తగారు పాపకి జడలు వేస్తున్నారు. మామగారు పాపకి గుర్రమయ్యి షెడ్డంతా తిరుగుతున్నారు. మధ్యమధ్యలో గుర్తొచ్చినట్టు తలెత్తి, "ఏం బోల్టులండీ మీవి! బిస్కెట్లా?" అని దెప్పుతున్నారు. అల్లుడికి తల కొట్టేసినట్టుంది.

పరువు ఎప్పుడో పోయింది, ఇప్పుడు తిండి కూడా పోయేలా ఉంది. పిల్లనిచ్చిన మామ బండే బాగుచేయలేనివాడు మన బండి ఏం చేస్తాడని పాల వ్యాను డ్రైవరు ఎదురు వీధి షెడ్డుకి వెళ్ళిపోయాడు. వాడి వెనకే బేకరీ వ్యాను. బోల్టులు ఎందుకు విరుగుతున్నాయో తెలియక అల్లుడు ఇనుప స్కేలు ఆనించి చూశాడు, ఇంజన్ ఎక్కడా వంగలేదు. ఇంజన్ ఊగుతోందేమోనని కింద రబ్బర్లు మార్చాడు. విరిగిన ముక్కలన్నీ డబ్బాలో వేసి, అన్నం తింటూ కూడా వాటినే చూస్తున్నాడు.

"ఎదురు షెడ్డువాడే! నా పొట్ట కొట్టడానికి వాడే వచ్చి విరిచిపోతున్నాడు" అన్నాడు ఆ మధ్యాహ్నం భార్యతో.

"మీకు పిచ్చిగానీ పట్టిందా? మా నాన్న ఆ బండి తాళం దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. ఈగని కూడా వాలనివ్వరు."

"అయితే ఇదే ఆఖరు. ఈసారీ విరిగితే షెడ్డు మూసేసి, వాడి దగ్గరే పనికి చేరతాను."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సాయంత్రానికి మొండెం ఊడింది. అల్లుడు పాత బోల్టులన్నీ తీసిపారేసి, పెద్ద లారీలకి వేసే గట్టి బోల్టులు బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, చాలాకాలం తర్వాత నవ్వాడు.

"ఇక మీరు ఈ షెడ్డు మొహం చూడక్కర్లేదు, మామయ్యగారూ. ఇవి జన్మలో విరగవు."

"జన్మలోనా?" అన్నారు మామగారు. కాస్త నీరసంగా బండి ఎక్కారు.

కొత్త బోల్టులు ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాలి. అది కూడా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. మర్నాడు పొద్దున్నే అల్లుడు స్పానర్ పట్టుకుని మామగారింటికి బయల్దేరాడు. పనిలో పనిగా ఆ దొంగ దొరుకుతాడేమోనని, సైకిల్ దూరంగానే ఆపి నడిచాడు.

గేటు లోపల పికప్ బానెట్ ఎత్తి ఉంది. బానెట్ వెనక ఎవరో రొప్పుతున్నారు.

దొరికాడు! అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ నిద్రలేమి, వెళ్ళిపోయిన బండ్లు, భార్య కళ్ళనీళ్ళు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. స్పానర్ పైకెత్తి, పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ బానెట్ దాకా వెళ్ళాడు.

అవతల నుంచి అత్తగారి గొంతు గుసగుసగా వినిపించింది: "ముందుది వద్దండీ, గంటలో తీసేసి మనల్ని పంపించేస్తాడు, స్పానర్‌కి ఇంకాస్త పొడుగు పైపు తొడిగి ఆ వెనక మూలదే విరవండి, సాయంత్రం దాకా పాపతో ఉండొచ్చు."