తొమ్మిదో బోరు

పగటి వెలుతురులో తెర సరిగ్గా కనబడదని, బోర్లలో నీటి జాడ చూసిపెట్టే ఎరిక్ చీకటి పడ్డాకే బోరులోకి కెమెరా దించాడు. పెద్దమండ్యం దగ్గర నారాయణమ్మ తన చేనులో వేయించిన బోర్లలో ఎనిమిది ఎండిపోయాయి. ఈ తొమ్మిదో దాంట్లోనూ నీళ్లు లేకపోతే టమోటా తోట వదిలేసుకోవాల్సిందే.

తెర మీద నల్లరాయి పైకి జరుగుతోంది. ఎరిక్ అక్కడక్కడా ఆపి, కెమెరాను చుట్టూ తిప్పి, గోడలో తడి కోసం చూస్తున్నాడు.

"మదనపల్లెలో ఒక కాలేజీ సారు సెప్పినాడమ్మా," అన్నాడు పక్కనే నిలబడ్డ నారాయణమ్మతో. "మన ఊర్లు, మిద్దెలు మట్టైపోయినా ఈ బోర్లు మాత్రం రాతిలో ఇట్నే ఉంటాయంట. భూమికి మనిషి యుగమని కొత్తది మొదలైందంట. తర్వాత వచ్చేవాళ్లు ఈ బొక్కలు సూసే మనం ఒకప్పుడు ఉంటిమని కనుక్కుంటారంట."

"ఎవురప్పా వచ్చేది?"

ఎరిక్ తీగ ఇంకా కిందికి వదిలాడు. కెమెరా తొమ్మిది వందల అడుగులు దాటింది. తీగ రాసుకునే చప్పుడు తప్ప చేనంతా నిశ్శబ్దం. అప్పుడు తెర మధ్యలో, ఎంతో లోతున, చిన్న వెలుగు కనిపించింది.

"నీళ్లప్పా!" నారాయణమ్మ తెర మీదికి వంగింది. "నీ లైటే నీళ్లలో కనిపిస్తాండాది సూడు!"

ఎరిక్‌కూ అలాగే అనిపించింది. ఖాయం చేసుకుందామని కెమెరా లైటు ఆర్పాడు.

గోడలు చీకట్లో కలిసిపోయాయి. కింది వెలుగు మాత్రం అలాగే ఉంది.

నారాయణమ్మ చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

ఆ వెలుగు మెల్లగా పైకి వస్తోంది. అక్కడక్కడా ఆగి, చుట్టూ తిరిగి, రాతి గోడను చూసుకుంటూ వస్తోంది. అచ్చం ఎరిక్ చూసినట్టే.