గీత బయటి కేక

"హేయ్! బుడే! కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?"

మొహిద్దీన్ బాషా కేకకి మిల్లు గోడ మీది కాకులు లేచిపోయాయి. బంతి గోల్లోకి వెళ్ళిపోయింది.

గోల్‌కీపరు బుడే రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. హాకీ కర్ర అతని కాళ్ళ దగ్గర పడి ఉంది.

బాషా తల పట్టుకున్నాడు. గీత పక్కన అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. ఆ మనిషికి ఒకచోట నిలబడడం రాదు.

చిలకలూరిపేటలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు హాకీ టీముకి అతను కోచ్‌గా వచ్చి రెండు నెలలైంది. వరసగా మూడు ఆటలు పోయాయి. ఆదివారం గుంటూరులో నాలుగోది కూడా పోతే టీము రద్దేనని యజమాని తేల్చి చెప్పేశాడు. టీము ఉంటేనే ఆ పదకొండు మందికీ ఏడాది పొడుగునా జీతం. లేకపోతే పత్తి సీజను అయిపోగానే ఇంటికే. వాళ్ళ వెనకే బాషా కూడా.

"సుబేదారు అల్లాబక్షు ఎలా నేర్పాడో తెలుసా మీకు?" అని అందుకున్నాడు.

రోజూ వినేదే కాబట్టి అందరూ తలలు దించుకున్నారు.

"పటాలం టీముకి కోచ్! బంతి వదిలేసినందుకు ఓ కుర్రాడి వీపు మీద ఒక్కటిస్తే హాకీ కర్ర నడిమికి విరిగింది. ఆ రోజు గెలిచారు! ఆయన్ని నేను చూడలేదు గానీ, ఆయన దారే నా దారి."

"ఆ కుర్రాడు మళ్ళీ కర్ర పట్టలేదండి."

అన్నది నీళ్ళ తాత. ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలియదు. ఏడాదిగా పగలు మిల్లు ఊడుస్తాడు, సాయంత్రం ఆటగాళ్ళకి కుండతో నీళ్ళు పోస్తాడు. పేరు ఎవరూ అడగలేదు.

"నీకెవరు చెప్పారు?"

"విన్నానులెండి."

బాషాకి ఒళ్ళు మండింది. అసలు ఈ ముసలాయనంటేనే అతనికి గిట్టదు. తను ఆలస్యంగా వచ్చిన ఓ సాయంత్రం, తాత నోరు మెదపకుండా గీత పక్కన నిలబడి చేత్తో ఏదో చూపిస్తున్నాడు. ఆ పదకొండు మందీ ఎంత చక్కగా ఆడుతున్నారో! అది కళ్ళారా చూసినప్పటినుంచీ బాషాకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

తాత కుండ దించి దగ్గరికొచ్చాడు.

"అయ్యా, ఒక్క మాటండి. మీరు అరిచినప్పుడు బంతిని కాకుండా వాళ్ళ చేతుల్ని చూడండి. మిల్లులో..."

"నీళ్ళు పోసేవాడివి, నాకు ఆట నేర్పుతావా? రేపట్నించి ఈ ఛాయలకి రాకు!"

"మంచిదండి" అన్నాడు తాత.

కుండ ఖాళీ చేశాడు. శుభ్రంగా తుడిచి గోడ పక్కన బోర్లించి వెళ్ళిపోయాడు. కెప్టెన్ తోమా ఏదో అనబోయి, బాషా ముఖం చూసి ఊరుకున్నాడు.

ఆదివారం గుంటూరులో జనం కిక్కిరిసి ఉన్నారు. సగం ఆట కాకముందే రెండు గోల్స్ పడ్డాయి.

మూడోది పడబోతుండగా బాషా "హేయ్!" అని అరిచాడు. ఎందుకో తాత మాట గుర్తొచ్చి, మొదటిసారి చేతులు చూశాడు.

పదకొండు జతల చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి! బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోబట్టి సరిపోయింది.

విరామంలో తోమాని పక్కకి లాగాడు.

"నేను అరిస్తే చేతులెందుకురా ఎత్తుతున్నారు?"

"మిల్లు అలవాటండి మాస్టారూ. లోపల మిషన్ల మోతలో ఎవరూ మాట్లాడరు, అంతా చేసైగలే. ఎవరన్నా 'హేయ్' అన్నారంటే, ఎవరి చెయ్యో రోలర్లో పడ్డట్టండి. ఎక్కడి చేతులక్కడ పైకెత్తేస్తాం. ఆలోచన వచ్చేలోపే లేస్తాయండి."

"మరి ఇంత జనం గోల చేస్తున్నారుగా?"

"ఆ గోల మిషన్ల మోతలాంటిదే. పట్టించుకోం. దాని మీద ఒక్క గొంతు లేస్తేనే..."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"మీరు చెప్పనిస్తేగా అండీ! తాత చెప్పబోయాడు కూడా."

బాషాకి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఆ మూడు ఆటలూ వాళ్ళు ఓడిపోలేదు. తనే ఓడించాడు.

రెండో సగమంతా నోట్లో రుమాలు కుక్కుకున్నాడు. అడుగులు మాత్రం ఆగలేదు. తాతలాగే చేత్తో చూపించాడు. బుడే ఒక్క బంతినీ వదల్లేదు. తోమా వరసగా రెండు కొట్టాడు, ఆఖరి నిమిషంలో మూడోది.

బస్సు మిల్లు గేటు దగ్గర ఆగీ ఆగకముందే బాషా దూకేశాడు. ఆ తాత కాళ్ళు పట్టుకోవాలనిపించింది అతనికి.

"నీళ్ళ తాతేడి ప్రేమమ్మా?"

గేటు పక్క టీకొట్టు ప్రేమమ్మ గ్లాసులు కడుగుతోంది.

"మీరు పొమ్మన్నాక ఇంకెందుకుంటాడండీ? నిన్న పొద్దున్నే ఒంగోలు బస్సెక్కాడు. ఏ ఊరని అడిగితే, హాకీ ఆడే ఊరు ఏదైనా ఫర్వాలేదన్నాడు."

బాషా అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

ప్రేమమ్మ చెయ్యి తుడుచుకుని, లోపల్నుంచి గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూట తెచ్చింది.

"ఇది మీకిమ్మన్నాడు. ఆట నుంచొచ్చాక మీ గొంతు బొంగురుపోకుండా ఉంటేనే ఇవ్వమన్నాడండి. ఇవాళ బాగానే ఉందిగా!"

బాషా గోనెగుడ్డ విప్పాడు.

నడిమికి విరిగితే పురికొసతో బిగించి కట్టిన పాత హాకీ కర్ర, దాని పిడి మీద కాల్చి రాసిన పేరు: సుబేదారు అల్లాబక్షు.