పేరయ్య కొట్లో పన్నెండు నిమిషాలు

“అక్కా, ఇప్పుడు లెక్కపెట్టు!” అంటూ జాన్ బాషా కంప్యూటర్ బటన్ నొక్కాడు.

నాగజ్యోతి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పద్దెనిమిది అనేసరికి తెర మీద బిల్లుల పేజీ ప్రత్యక్షమైంది. నిన్నటిదాకా అదే పేజీ రావాలంటే పన్నెండు నిమిషాలు! ఆన్ చేసి, టీ తాగి, గ్లాసు కడిగిచ్చి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

“ఏం చేశావురా నాయనా? మంత్రమేసినట్టుంది!”

“మంత్రమా పాడా! ఆన్ చేయగానే పిలవని పేరంటానికొచ్చినట్టు పద్నాలుగు ప్రోగ్రాములు లేస్తున్నాయి. వాటిని ఆపేశా. పాత డిస్కు తీసి కొత్తరకం పెట్టా. మీ సార్‌కి నచ్చకపోతే పాతదే మళ్లీ బిగిస్తాలే.”

“నచ్చకపోవడమేంటి, ఎగిరి గంతేస్తారు!”

పర్చూరు రోడ్డులో పేరయ్యది ముప్పై ఏళ్లనాటి ఎరువులు, పురుగుమందుల కొట్టు. నిరుడు ఎదురుగా కొత్త కొట్టు తెరిచారు. అక్కడ నిమిషంలో బిల్లు చేతికొస్తుంది. ఇక్కడ బిల్లు లేనిదే పేరయ్య సీసా కదలనివ్వడు. పోనీ కంప్యూటర్‌నైనా సవ్యంగా నడవనిస్తాడా? ఉన్నట్టుండి “వేడెక్కింది, కాసేపు ఆపమ్మా” అంటాడు. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ పన్నెండు నిమిషాలు. ఆ కాసేపూ వచ్చినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పుకొస్తాడు. వెనకాల వచ్చినవాళ్లు విసుక్కుని రోడ్డు దాటుతున్నారు.

“ఇట్టాగే ఉంటే జూన్ నుంచి బిల్లులకి మనిషిని పెట్టుకోలేనమ్మా” అని మొన్న ఆయనే అన్నాడు. చీరాల నుంచి కోడలిగా వచ్చిన నాగజ్యోతికి ఇది మొదటి ఉద్యోగం. అత్తగారిని ఎంత బతిమాలితే దొరికిందో ఆమెకే తెలుసు. ఇది పోతే మళ్లీ గడప దాటనిస్తారా? ఆ భయంతోనే, పేరయ్య భోజనానికి వెళ్లిన సమయం చూసి కంప్యూటర్లు బాగుచేసే జాన్ బాషాని పిలిపించింది.

అంతలో శ్రీకృష్ణ వచ్చాడు. పక్క ఊరి రైతు, నలభై దాటాయి. మెడలో తువ్వాలు, కాళ్లకి దుమ్ము.

“పురుగుమందు ఒక సీసా ఇవ్వమ్మా.”

“ఏ పురుగుకండీ?”

అతను కాస్త తడుముకుని, “అదిగో, ఆ ఎర్ర మూతది” అన్నాడు.

కొత్త వేగానికి మొదటి బేరం! నాగజ్యోతి హుషారుగా సీసా తీసి బల్ల మీద పెట్టింది. పేరు కొట్టింది. ఇంకొక్క మీట నొక్కితే బిల్లు వచ్చేదే, సరిగ్గా అప్పుడే పేరయ్య గుమ్మంలో అడుగుపెట్టాడు. సీసా వైపు చూశాడు, శ్రీకృష్ణ వైపు చూశాడు. గబగబా వచ్చి స్విచ్చి కట్టేశాడు.

“అయ్యో, బాబాయ్ గారూ!”

“వేడెక్కిందమ్మా. ఏరా శ్రీకృష్ణా, కూర్చో. అది లేచేసరికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసుగా!” అని స్విచ్చి మళ్లీ వేశాడు.

తెర చటుక్కున వెలిగింది. శ్రీకృష్ణ పక్కనున్న బెంచీ మీద కూర్చునేలోపే బిల్లుల పేజీ వచ్చి నిలబడింది.

“ఓరి దీని దుంపతెగ! ఇదేంటి, ఇంతలోకే వచ్చేసింది?”

“బాగు చేయించానండీ!” అంది నాగజ్యోతి, మెప్పు కోసం చూస్తూ.

పేరయ్య మెచ్చుకోలేదు సరికదా, వంగి ప్రింటర్ వైరు ఊడబీకాడు. “ఇప్పుడు ప్రింటర్ పాడైంది” అన్నాడు. జాన్ బాషా నోరు తెరవబోతే కళ్లతోనే గదిమాడు. మజ్జిగ తెప్పించి శ్రీకృష్ణ చేతికిచ్చాడు. ఫోను పట్టుకుని గుమ్మం అవతలికెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఇక మొదలు! పాప పరీక్షలెట్టా రాసింది, గేదె ఈనిందా, మీ అమ్మకి మోకాళ్లెట్టా ఉన్నాయి... శ్రీకృష్ణ ముందు ముక్తసరిగా జవాబిచ్చాడు. తర్వాత తలొంచుకుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎండ దెబ్బ కాబోలనుకుంది నాగజ్యోతి. బెండ విత్తనాలకొచ్చిన ఇద్దరు నిలబడి నిలబడి ఎదురు కొట్టుకి పోయారు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

పావుగంటకి శ్రీకృష్ణ బావమరిది మోటార్‌సైకిల్ మీద వచ్చాడు.

“పద బావా, అక్క అన్నం పెట్టుకుని కూర్చుంది” అని భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లిపోయాడు. సీసా బల్ల మీదే మిగిలింది.

“బాషా, ఆ పాతదే మళ్లీ పెట్టెయ్” అన్నాడు పేరయ్య.

నాగజ్యోతికి ఒళ్లు మండిపోయింది. “చేతిదాకా వచ్చిన బేరాలు పోగొట్టుకుంటున్నారు. జూన్‌లో నన్ను మానెయ్యమంటారు. నా తప్పేంటండీ ఇందులో?”

“నీ తప్పేం లేదు తల్లీ. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, భయపడమాక. నా తిప్పలేవో నేను పడతా. నువ్వు చీరాల పిల్లవి. నీకు మగ్గం తెలుసుగానీ సేద్యం తెలీదు.”

“సేద్యం తెలియకపోతే మానె, జాలి తెలుసండీ! పాపం, అంత ఎండలో పడి వచ్చాడు. మందు లేక అతని పంట పాడైతే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?”

పేరయ్య ఎర్ర మూత సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

“చేలో పైరే లేనోడికి పురుగుమందు దేనికమ్మా?”