పరగడుపు నేస్తం

ఆసుపత్రి బెంచీ మీది నుంచి ఏంజలిన్ గబుక్కున లేచింది.

"ఎక్కడికమ్మా? ఇంకా సూది గుచ్చనే లేదు," అన్నాడు పక్కనున్న ముసలాయన.

"ఇంటికి. ఎవులైనా చూస్తే నా బతుకు బజారున పడిపోద్ది."

ఆమెకు హెచ్ఐవి సోకిందని తేలి నెల కూడా కాలేదు. రోగం కొత్తలో రక్తంలో కొవ్వు ఎలా మారుతుందో, ఒంట్లో వాపును పట్టిచ్చే ప్రోటీన్ ఎంత పెరుగుతుందో ఆ ఆసుపత్రిలో పరిశీలిస్తున్నారు. నెలకోసారి పరగడుపున వచ్చి రక్తం ఇవ్వాలి. మందులూ అక్కడే ఇస్తారు.

"పరగడుపునే వచ్చినావా?"

"ఊఁ."

"నానూ అంతే. కూకో. ఆకలి ఇద్దరం పంచుకుందాం."

"మీకూ ఉందేటి తాతా?"

ఆయన నవ్వేశాడు. "ఒకే బెంచీ మీద కూకున్నాం. ఇంకా అడుగుతావేటి?"

ఏంజలిన్ కూర్చుంది.

ఆయన పేరు దావీదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. ఏడాది పాటు నెలనెలా రైల్వే వాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. రక్తం ఇచ్చాక ఇద్దరూ బయట సమోసాల్లాంటి వేడి సింగారాలు తిని టీ తాగేవారు.

మందులు మానేస్తానని ఆమె ఏడ్చిన రోజున, "నువ్వు మానితే నానూ రాను, పో!" అని అలిగి కూర్చున్నాడు. ఆమె మానలేదు.

గుట్టు ఎన్నాళ్ళు దాగుతుంది? దావీదు ఆసుపత్రిలో హెచ్ఐవి వాళ్ళ గదిలోకి వెళ్ళడం ఎవరో చూశారు.

వాళ్ళ చర్చిలో ఈస్టర్ ప్రేమవిందుకు ముప్పై ఏళ్ళుగా పలావు వడ్డించేది ఆయనే. ఆ ఏడు సంఘపెద్ద ఆయన చేతిలోంచి గరిటె లాక్కున్నాడు.

"ఠీక్ హై," అని నవ్వి పక్కకు తప్పుకున్నాడు దావీదు.

ఆయన పిలిస్తే విందుకు వచ్చి, వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడిన ఏంజలిన్ తల వంచుకుంది. నోరు విప్పితే తన సంగతీ బయటపడుతుంది. ఆయన మాత్రం అంత అవమానంలోనూ తలెత్తుకునే నిలబడ్డాడు.

వానాకాలంలో దావీదు గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు.

ఏంజలిన్ ఆయన భార్య ఎస్తేరమ్మ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "మామ్మా, మీరూ పరీక్ష చేయించుకున్నారా?"

"నాకెందుకమ్మా? ఆయనకా రోగం ఉంటే కదా! రోగం లేనోల్ల రక్తం కూడా పక్కన పెట్టి సూస్తే గానీ తేడా తెలీదంట. పరువు పోద్దని ఒక్కలూ ముందుకు రాలేదు. ఈయనెల్లినాడు."



"మరి... అందరూ అన్ని మాటలన్నప్పుడైనా చెప్పలేదేటి?"

"నానూ అదే అడిగినానమ్మా. 'నాకు లేదని సెప్పీస్తే, నన్ను సూసి మందులు మింగుతున్న ఆ గుంట పిల్ల మల్లీ ఒక్కర్తీ అయిపోద్దే' అన్నాడు."