రెండు వందల పద్నాలుగో టబ్బు

రోలర్ కోస్టర్‌ను ఎల్లన్న పడగొడతాడని గని మేనేజరు పరాంకుశరావుకు గట్టి అనుమానం. అనుమానానికి తగ్గ కారణమూ ఉంది. ఎల్లన్న కడుపు కొట్టింది ఆయనే.

అక్టోబరులో ఒకరోజు షిఫ్టు దిగిన ఎల్లన్న, మోకాలి నొప్పితో ఏటవాలు సొరంగం నడిచి ఎక్కలేక, పట్టాల మీద తాడు లాగుతున్న ఖాళీ బొగ్గు టబ్బులో కూర్చుని పైకొచ్చాడు. పైన మేనేజరు నిలబడి ఉన్నాడు. కదిలే టబ్బు ఎక్కడం నిషేధం, ఎక్కితే ఉద్యోగం పోతుంది. ఎల్లన్నను సస్పెండు చేసి, చార్జిషీటులో టబ్బు నంబరుతో సహా రాయించాడు: 214. డిసెంబరులో ఒక సోమవారం ఎంక్వయిరీ పెట్టారు. అది తేలకముందే క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు కూడా వచ్చింది. ఎల్లన్న భార్య పోశవ్వ గిన్నెలు సంచిలో కట్టి, వంటకోసం విప్పి, మళ్లీ కడుతోంది.

ఎంక్వయిరీకి ముందురోజు ఆదివారం భద్రతా వారోత్సవాల సభ. ఏటా అవే ఉపన్యాసాలు, అవే అరటిపండ్లు. ఈసారి జీఎం గారి కంట్లో పడాలని మేనేజరు ఆరాటం. హైదరాబాదులో పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాడట. వందేళ్ల కిందట అమెరికాలో కొండ మీంచి బొగ్గు దించే పట్టాల బండి ఒకటి ఉండేదట. బొగ్గుకు వేరే దారి పడ్డాక జనమే పైసలిచ్చి ఆ బండెక్కారట. రోలర్ కోస్టర్లన్నిటికీ అదే తాతట. మనకూ పట్టాలున్నాయి, తాడుంది, టబ్బులున్నాయి, కాలనీలో పార్కుంది. మేనేజరుకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

కట్టే పని, టబ్బులు లాగే హాలేజీ ఇంజను చూసుకునే ఫిట్టరు హమీద్ మీద పడింది. ఇంజను టబ్బును తాడుతో మొదటి గుట్ట మీదికి లాగి వదిలేస్తుంది, అక్కణ్నుంచి దాని బరువే దాన్ని నడిపించాలి. కాబట్టి మొదటి గుట్టే అన్నిటికన్నా ఎత్తుండాలని హమీద్ గీసుకొచ్చాడు. మేనేజరు కుదరదన్నాడు. స్టేజీ ఎదురుగా వచ్చేది ఆఖరి గుట్ట, జీఎం గారికి కనపడేది అదే, ఎత్తుండాల్సిందీ అదేనన్నాడు.

"గట్లయితే ఎక్కది సాబ్," అన్నాడు హమీద్. "బరువుకు మన ఆర్డరు తెల్వది."

ఖాళీ టబ్బు మూడుసార్లు నడుమనే ఆగి వెనక్కి జారాక మేనేజరు దిగివచ్చాడు. ఫైలులో మాత్రం, మొదటి గుట్ట ఎత్తుండాలన్నది తన ఆలోచనేనని రాసుకున్నాడు.

టబ్బు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. స్క్రాపు టబ్బులకు చక్రాలు తిరగవు. చక్రాలు తిరిగే టబ్బును పార్కుకు ఇచ్చే రూలు లేదు. ఆ ఏటి స్క్రాపు లిస్టు ఆగస్టుతోనే ముగిసింది. ఇలాంటివి మేనేజరుకు వెన్నతో పెట్టిన విద్య. నడిచే టబ్బునే స్క్రాపని రాసి, ఆగస్టు తేదీ వేసి తెమ్మన్నాడు. హమీద్ రాసి తెచ్చాడు. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు, ఎప్పటిలాగే. టబ్బు మీద నెమళ్లు గీయించాడు.

శనివారం సాయంత్రం వాచ్‌మన్ సదయ్య ఉరికొచ్చాడు. ఎల్లన్న పార్కులో పట్టాల కింద పానాతో దొరికాడట. మేనేజరు ముఖం వెలిగిపోయింది. పానాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టించాడు, సభ అయ్యేదాకా ఎల్లన్న ఇల్లు కదలకుండా సదయ్యను కాపలా ఉంచాడు. తర్వాత హమీద్‌తో ప్రతి బోల్టూ చూపించాడు.

ఒక్కటీ వదులుగా లేదు.

"నిన్నటికంటె గట్టిగున్నయి సాబ్," అన్నాడు హమీద్.

సమయానికి పట్టుకున్నాం కాబట్టి సరిపోయిందని మేనేజరు గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

ఆదివారం మొదటి సవారీ ఆయనదే. జీఎం గారూ, మహిళా మండలీ, కాలనీ మొత్తం చూస్తుండగా టబ్బు మొదటి గుట్టెక్కి, గడగడమంటూ దిగింది. ఆయన టోపీ ఎగిరిపోయింది. ఆఖరి గుట్ట మీద రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు. ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే క్లిక్కుమనిపించాడు. మేనేజరు వెనక భద్రతా వారోత్సవాల బ్యానరు కూడా చక్కగా పడింది: 'కదిలే టబ్బు ఎక్కరాదు.'

స్టూడియోవాడిని తొందరపెట్టి కడిగించిన ఆ ఫొటో సోమవారం పొద్దునకల్లా నోటీసు బోర్డెక్కింది.

ఎంక్వయిరీకి బెల్లంపల్లి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మేనేజరు పానాను బల్ల మీద పెట్టి, విధ్వంస ప్రయత్నం కూడా చార్జిలో చేర్చమన్నాడు. నువ్వేం చెప్పుకుంటావని ఆఫీసరు అడిగితే, ఎల్లన్న నోటీసు బోర్డు మీంచి పీక్కొచ్చిన ఫొటో బల్ల మీద పెట్టాడు. నెమళ్ల రంగు కిందినుంచి, వెల్డింగుతో పోసిన అంకెలు ఉబ్బెత్తుగా కనపడుతున్నాయి. 214.

ఆఫీసరు చార్జిషీటు చూశాడు, ఫొటో చూశాడు, బ్యానరు చదివాడు. ఇది నడిచే టబ్బా, స్క్రాపు టబ్బా అని మేనేజరును అడిగాడు.

నడిచేదంటే తనూ అదే నేరం చేసినట్టు. మేనేజరు గబగబా స్క్రాపేనన్నాడు, సంతకంతో సహా కాగితం తెప్పించాడు. ఆఫీసరు తేదీ పైకి చదివాడు. ఆగస్టు. ఎల్లన్న అక్టోబరులో ఎక్కాడంటున్న టబ్బు కంపెనీ లెక్కలో అప్పటికే లేదు. లేని టబ్బు ఎక్కినవాడికి ఏ రూలు కింద శిక్ష వెయ్యాలో తనకు తెలియదంటూ ఆయన కేసు కొట్టేశాడు.

మేనేజరు బల్ల మీది పానా పట్టుకుని, "మరి దీంతో ఏ బోల్టు విప్పావురా?" అన్నాడు.

"విప్పుడెందుకు సార్, ఒక్కొక్కటి బిగిచ్చిన," అన్నాడు ఎల్లన్న. "మీరు మంచిగ దిగకపోతే, ఇయ్యాల నా దిక్కు సాక్షమెవరు జెప్తుండె?"