హైమను చంపబాకయ్యా

"చంపేద్దాం సార్. హైమ పీడ విరగడైపోతుంది!" అన్నాడు చైతన్యకృష్ణ ఫోన్లో.

అద్దంకి పక్క ఊళ్ళో మిరప కల్లం. ఎండుకాయల ఘాటుకు షూటింగ్ వాళ్ళంతా తుమ్మి చస్తున్నారు.

సీరియల్ రాసే చైతన్యకృష్ణకు చానల్ హుకుం వచ్చింది. కోడళ్ళ కన్నీళ్ళ కాలం పోయిందట, ఇప్పుడు దయ్యాలు కావాలట. ఈ సీరియల్ కూడా పడిపోతే అతన్ని పిలిచి రాయించుకునేవాడు లేడు. అందుకే నాలుగేళ్ళు ఏడిపించిన కోడలు హైమను ఈ కల్లంలో చంపి, దయ్యంగా లేపబోతున్నాడు. మహానుభావుడు!

"సిటీలో మనల్ని చూసే నాథుడు లేడు. ఆ వైపు పల్లెల రేటింగే మనల్ని బతికిస్తోంది," అన్నాడు ప్రొడ్యూసర్. "జాగ్రత్తయ్యా. ఎవరేం చూస్తున్నారో లెక్కగట్టే ఆ రేటింగ్ డబ్బాలు ఎవరిళ్ళల్లో పెట్టారో మనకు తెలిసి చావదు. ఒక్కో డబ్బా వేల ఇళ్ళ లెక్క. డబ్బా ఉన్నవాళ్ళు ఆ సంగతి నోరు విప్పి చెప్పకూడదు."

"పల్లెటూరి మొహాలు సార్. ఏది పడేస్తే అదే చూస్తారు."

ఫోన్ పెట్టేసరికి, కాయలు ఏరుతున్న అమీర్‌బీ అనే ముసలామె లేచొచ్చి ఎదురుగా నిలబడింది.

"హైమను చంపబాకయ్యా. కాపురం చక్కబడకపోయినా పర్లేదు, బతికుండనీ."

"చెప్పడానికి నువ్వెవరు?"

"రోజూ చూస్తానయ్యా. నా కూతురు లాంటిది. దయ్యాలంటే మా మనవరాలు జడుసుకుంటది."

"కళ్ళు మూసుకోమను."

"అట్టా కాదయ్యా. నేను చూస్తే..." ఏదో చెప్పబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆఁ, చూస్తే? నువ్వు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత! పోయి తాలుకాయలు ఏరుకో, పో."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

"అట్టాగేలే అయ్యా," అని ఆమె వెళ్ళిపోయింది.

హైమ చచ్చింది. దయ్యమై లేచింది. రేటింగ్ మాత్రం లేవలేదు. పల్లెల అంకె కూడా నేలకరిచింది. నెల తిరక్కుండా సీరియల్ మూసేశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చైతన్యకృష్ణ తప్పంతా జనం మీదకే నెట్టాడు.

ఈలోగా గాలి మళ్ళీ మారింది. దయ్యాలు పాతబడ్డాయట, ఇప్పుడు హత్యలు కావాలట. రాసే పని ఎవరూ ఇవ్వలేదు. కాళ్ళావేళ్ళా పడితే, హత్యకు పనికొచ్చే పాత ఇల్లు వెతికే పని దొరికింది.

వెతుక్కుంటూ అదే ఊళ్ళో ఒక పెంకుటింట్లో అడుగుపెట్టాడు. ఎదురుగా అమీర్‌బీ!

అతనికి సిగ్గేసింది. ఆమె మాత్రం ఏమీ జరగనట్టే కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇప్పుడు టీవీలో ఏం చూస్తున్నారమ్మా?" లేని మర్యాద తెచ్చుకుని అడిగాడు.

"హైమ పోయిన రోజే కట్టేశానయ్యా. మళ్ళీ పెట్టబుద్ధి కాలా."

గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని టీవీ వైపు తిరిగాడు.

దుమ్ము కొట్టుకున్న ఆ టీవీ పక్కనే, అతను ఫొటోల్లో తప్ప ఏనాడూ చూడని రేటింగ్ డబ్బా, శుభ్రంగా తుడిచి, పైన చేతిరుమాలు పరిచి ఉంది.