కంట్రోల్ మొక్క

"నన్ను తోడున్న గుంపులోకి మార్చు. కుదరదంటే ఇవాల్టితో మానేస్తాను," అంది ప్రొఫెసర్.

ఎదుటి కుర్చీలోని అమ్మాయి ప్రశ్నల కాగితం మీంచి తలెత్తింది. క్యాన్సర్ రోగులకు ఒక తోడు దొరికితే ఏం మారుతుందన్నది ఆమె పరిశోధన. చీటీలు వేసి రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపువాళ్ళ ఇంటికి, అదే జబ్బు నుంచి బయటపడ్డ మనిషి వారం వారం వచ్చి కూర్చుంటాడు. రెండో గుంపుకి ప్రశ్నలే. అడిగే మనిషి ఓదార్చకూడదు, సలహా ఇవ్వకూడదు, తన సంగతులు చెప్పకూడదు. ప్రొఫెసర్ భర్త మొదటి రోజే ఆ అమ్మాయికి ప్రశ్నలమ్మ అని పేరు పెట్టాడు.

"చీటీలో అలా వచ్చింది మేడమ్. మార్చడానికి లేదు."

"నాకా చెబుతున్నావు? ఉద్యోగమంతా మొక్కల కణాలతో కాపురం చేసినదాన్ని. కంట్రోల్ అంటే ఏమిటో నాకు తెలుసు. పక్క కుండీకి మందు వేస్తాం, దీనికి వేయం. వాడిపోతున్నా వేయం. పోలిక కోసం చూస్తూ కూర్చుంటాం. నేను మీ కంట్రోల్ మొక్కని."

"కాపురం మొక్కలతోనట. విన్నావుగా ప్రశ్నలమ్మా, రేపు ఈ మాట నేనంటే ఒప్పుకోదు, నువ్వే సాక్ష్యం," అంటూ భర్త వంటింట్లోంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

ప్రొఫెసర్ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "మళ్ళీ తుప్పు రుచి. ఈ మందులు మొదలైనప్పట్నించీ ఇంతే."

"గాజు గ్లాసులో ఇవ్వండి అంకుల్. చెంచా కూడా చెక్కదైతే..." ప్రశ్నలమ్మ చటుక్కున ఆగిపోయింది.

"సలహా ఇచ్చావు," అంది ప్రొఫెసర్. "రూలు తప్పావు."

ప్రశ్నలమ్మ తల వంచుకుంది. మొదట్లోనే ఈ ఇంటిని తన తోటి పరిశోధకురాలికి అప్పగించి ఉండాల్సింది. ప్రొఫెసర్‌ది లింఫోమాల్లోనే, అంటే లసిక గ్రంథుల క్యాన్సర్లలోనే, చాలా అరుదైన రకం. పెద్ద డాక్టరు కూడా ఈమె ముందే పుస్తకం తిరగేసి, ఇందులో అరపేజీ ఉందమ్మా అన్నాడట. ఎందుకు అప్పగించలేదో ఆమె తనని తాను అడగలేదు. మనిషి తనని తాను అడక్కుండా దాటేసే ప్రశ్నలు ఏ కాగితం మీదా ఉండవు.

భర్త గాజు గ్లాసు కోసం లోపలికి వెళ్ళాడు.

"అంకుల్ ఉన్నారుగా మేడమ్. ఇంకా తోడెందుకు?"

"ఇది నీ కాగితంలో లేదే."

"లేదు."

ప్రొఫెసర్ గొంతు తగ్గించింది. "ఆయనకి నాకంటే ఎక్కువ భయం. నాకు ధైర్యం చెప్పేటప్పుడు గోడకేసి చూస్తూ చెబుతారు. నాకు కబుర్లు అక్కర్లేదమ్మాయ్. ఈ జబ్బొచ్చి బతికున్న మనిషిని ఒక్కరిని కళ్ళారా చూడాలి. అంతే. అలాంటివాళ్ళు ఉన్నారని డాక్టర్లంటారు. ఎక్కడా? అరపేజీలోనా?"

ప్రశ్నలమ్మ కలం మూత తీసింది, పెట్టింది.

"ఒక సంగతి చెబుతా విను," అంది ప్రొఫెసర్. "కొత్తలో నేను కంట్రోల్ మొక్కల్ని రోజూ చేత్తో పట్టుకుని స్కేలు పెట్టి కొలిచేదాన్ని. అవేమో పొట్టిగా, కాండం బిరుసుగా పెరిగాయి. మందు వేయలేదు కదా, ఎందుకిలా అని తల బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే నా చెయ్యే. పదే పదే తాకితే కణాలు సాగడం తగ్గించి గోడలు గట్టి చేసుకుంటాయి. పోలికంతా చెడిపోయింది. మా సారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు."

"మొక్కలేమయ్యాయి?"

"వాటికేం, దివ్యంగా ఉన్నాయి. ఎవరో ఫ్యాన్ స్పీడు పెంచితే పక్క కుండీలన్నీ వాలిపోయాయి, ఇవి నిలబడ్డాయి. చెడింది నా లెక్క."

ప్రశ్నలమ్మ కాసేపు ఆమె చేతుల్నే చూసింది. తర్వాత కాగితంలోని చివరి ప్రశ్న చదివింది. "ఈ వారంలో, మీలాంటి మనిషి ఇంకెవరూ లేరని మీకు ఎంత తరచుగా అనిపించింది?"

"అనిపించని పూట లేదు. రాసుకో."

కలం కదల్లేదు. "మా సారుకి ఒక్క ఫోన్ చేసి వస్తాను మేడమ్," అని ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది. సగం మూసిన తలుపు వెనక నుంచి మాటలు తెగి తెగి వినిపించాయి. "తెలుసు సార్... అసలే రోగులు తక్కువమంది, తెలుసు... లేదు సార్, ఆలోచించే అడుగుతున్నాను."

తిరిగొచ్చి కూర్చోకుండా చెప్పింది. "మేడమ్, మిమ్మల్ని పరిశోధన నుంచి తీసేశాం."

ప్రొఫెసర్ మొహం మారలేదు. చెయ్యి మాత్రం శాలువా అంచు కోసం తడుముకుంది. మానేస్తానన్నది తనే. అయినా తలుపు తను వేయడం వేరు, మొహం మీద పడటం వేరు.

"కుండీ ఖాళీ చేశారన్నమాట," అంది నెమ్మదిగా.

గాజు గ్లాసు పట్టుకుని భర్త గుమ్మంలో నిలబడిపోయాడు. "వారానికోసారి నీతో పోట్లాడి కాస్త తేలికపడేది. ఇక ఎవరితో పోట్లాడుతుందమ్మా? మళ్ళీ నాతోనేగా."

"నేనొస్తాను అంకుల్. కాగితం తీసుకురాను, అంతే."

ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసింది. కుర్చీని దగ్గరికి జరుపుకుంది. ఇన్ని వారాల్లో మొదటిసారి ప్రొఫెసర్ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మీ మొక్కల్లాగే మేడమ్, నా పోలిక కూడా చెడింది. ఇక నా సంగతులు చెప్పచ్చు," అంది. "ఆ అరపేజీ నాకు కంఠతా వచ్చు. తొమ్మిదేళ్ళ కిందట మా డాక్టరు కూడా నా ముందు అదే పుస్తకం తిరగేశాడు."